ఉత్తినే వెలిగిన దీపాలు

ఎదురింటావిడ అన్నదట. ఆవిడ అన్నదని బట్టలు కుట్టే ఆవిడ చెప్పిందట. ఆ సంగతిని అత్తగారు కంచాలు తుడుస్తూ, ఎవరి మొహమూ చూడకుండా, వంటింటి గోడకి చెప్పినట్టు చెప్పింది.

"ఆ ఇంటి అల్లుళ్లిద్దరికీ ఏదో పట్టిందట. మిట్టమధ్యాహ్నం కిటికీలు మూసుకుని, మేడమీద గదిలో దీపాలన్నీ వేసుకుని కూర్చుంటారట. ఒకరి మొహం ఒకరు చూడరట. వీడికి సుత్తి కావాలంటే మన చిన్నదానితో చెబుతాడట, అది వెళ్లి వాడినడిగి తెస్తుందట. రేప్పొద్దున ఒకడికి దగ్గొస్తే అదీ ఆ పిల్లే మోసుకెళ్లాలేమో, అందట."

అత్తగారికి కోపం వచ్చింది ఎదురింటావిడ అలా అన్నందుకు కాదు. అందులో అబద్ధమని కొట్టిపారేయడానికి ఒక్క ముక్కా దొరకనందుకు.

చిన్నల్లుడు వాకిట్లో కూర్చుని తీగలకి తొడుగులు వేస్తున్నాడు. విన్నాడు. విననట్టు ఇంకో తీగ అందుకున్నాడు. ఊరివాళ్ల మాటలు అతనికి కొత్త కాదు. బల్బుల ఫ్యాక్టరీలో మంచి ఉద్యోగం వదిలేసి, అత్తగారి మేడ మీద చేరి దీపాలతో కబుర్లు చెప్పిస్తానని కూర్చున్నప్పటి నుంచీ అందరూ అతన్ని దీపాలబాబనే పిలుస్తున్నారు. పెద్దల్లుణ్ని గాలిబాబంటారు. ఆయనది రేడియో పని. ఇళ్లకీ ఆఫీసులకీ వైఫై పెట్టెలు బిగించడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. ఇద్దరూ కలిసి ఒక పని తలకెత్తుకున్నారు. ఆ కలవడమే వాళ్లని విడదీసింది.

పని ఇదీ. కప్పుకి వేలాడే దీపం మన కంటికి తెలియనంత వేగంగా రెపరెపలాడుతుంది. ఆ రెపరెపల్లో కబురు పెట్టి పంపొచ్చు. కింద ట్యాబుకి చొక్కా గుండీ అంత గాజు కన్ను అతికిస్తే అది ఆ వెలుగుని చూసి కబురు చదువుకుంటుంది. వెలుగు గోడ దాటదు కాబట్టి ఈ గదిలో కబురు పక్క గదిలో కబురుతో కలవదు. ఎంతమంది ఉన్నా తొక్కిసలాట లేదు. కాకపోతే, మధ్యలో మనిషి నిలబడి నీడ పడిందా, కబురు తెగింది. రేడియోది దీనికి తలకిందులు. గోడల్నీ మనుషుల్నీ దాటుకుని వెళుతుంది, కానీ జనం పెరిగేకొద్దీ సంతలో కేకల్లా ఒకరి మాట ఒకరికి వినపడదు. అందుకని వెలుగున్న చోట వెలుగు, నీడ పడిన చోట రేడియో. ఎప్పుడు దీని మీంచి దాని మీదికి దూకాలి, ఎప్పుడు మళ్లీ వెనక్కి రావాలి అన్నది తేల్చడానికి వేరే ఒక బుర్ర కావాలి. ఆ బుర్రని కంప్యూటర్లో రాసింది చిన్నల్లుడి పెళ్లాం. ఇంట్లో అందరికీ చిన్నమ్మాయి.

దూకేటప్పుడు ఓ చిన్న ఎక్కిలి వచ్చేది. ట్యాబు తెర మీద కబురుతో పాటు పరుగెత్తే గీత రెప్పపాటు ఆగి, మళ్లీ అందుకునేది. తెర మూల ఉన్న పసుపు చుక్క నీలం రంగుకి మారేది. పసుపంటే వెలుగు మోస్తోందని, నీలమంటే రేడియో మోస్తోందని గుర్తు. చిన్నల్లుడికి ఆ ఎక్కిలంటే ఎంత ఇష్టమో చెప్పలేం. రోజులో ఎన్నిసార్లో గాజు కన్ను మీద అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. గీత ఆగేది. చుక్క మారేది. చెయ్యి తీసేవాడు. చంటిపిల్ల ఊపిరి చూసుకునే తల్లిలా, అప్పటిదాకా తన దీపమే మోస్తోందని తృప్తిపడేవాడు.

పెద్దల్లుడికి అదంటే ఒళ్లుమంట. "ఏమ్మా, మీ ఆయనకి చెప్పు. కొనేవాడి ముందు ఎక్కిళ్లు పెట్టే సరుకు పెడితే మంచినీళ్లిచ్చి పంపించేస్తాడు," అనేవాడు, రెండు బారల దూరంలో చిన్నల్లుడు కూర్చుని ఉండగానే.

"మీ బావగారికి చెప్పు," అనేవాడు చిన్నల్లుడు. "ఎక్కిలి రాకుండా ఉండాలంటే దీపాలు పీకేసి ఆయన పెట్టె ఒక్కటే పెట్టుకోవాలి. ఆయనకి కావలసింది అదే కదా."

చిన్నమ్మాయి ఇద్దరి మాటలూ వినేది. ఎవరికీ చెప్పేది కాదు. తల దించుకుని రాసుకునేది.

ఆసుపత్రి వాళ్లు రమ్మన్నారన్న కబురు వచ్చిన రోజు మాత్రం మేడ మీద ముగ్గురూ ఒకేసారి నవ్వారు. అక్కడి వార్డులో నర్సుల ట్యాబుల మీద రోగుల గుండె గీతలు కనిపించాలి. సాయంత్రం చూడ్డానికి చుట్టాలు వచ్చి చేరితే, అందరి చేతుల్లోనూ ఫోన్లు, గీతలు ముందుకి కదలవు. ఒక వార్డులో బిగించి చూపించండి, బాగుంటే అన్నిట్లో పెట్టిద్దాం అన్నది పెద్ద డాక్టరమ్మ. చిన్నల్లుడు ఆ రాత్రి భోజనం సరిగ్గా చెయ్యలేదు. ఉద్యోగం వదిలేసిన మనిషికి అంతకంటే ఏం కావాలి? తన దీపం కింద మనుషులు బతికి బయటపడతారు. ఎదురింటావిడ కూడా ఏదో ఒకనాడు ఆ మంచం మీద పడుకోవచ్చు. అప్పుడు నవ్వమను చూద్దాం.

చూపించే రోజు పొద్దున్న వార్డు ఖాళీగా ఉంది. తడిగుడ్డ పెట్టిన నేల ఇంకా ఆరలేదు. ఇద్దరే రోగులు, వాళ్లూ నిద్రలో ఉన్నారు. కప్పుకి చిన్నల్లుడి దీపాలు. తలుపు పైన పెద్దల్లుడి పెట్టె. చిన్నమ్మాయి మూల బల్ల మీద తన కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంది. పెద్ద డాక్టరమ్మా, ఆమె వెనక ఇద్దరు ఆఫీసు మనుషులూ, ఓ నర్సూ వచ్చి నిలబడ్డారు. ట్యాబు మీద గుండె గీత ఎక్కుతూ దిగుతూ పరుగెడుతోంది. మూల పసుపు చుక్క.

చిన్నల్లుడు గొంతు సవరించుకుని వెలుగు గురించి చెప్పాడు. బాగానే చెప్పాడు. తరవాత, "ఇప్పుడు చూడండి. నేను వెలుగుకి అడ్డం పెడతాను. ఒక్క క్షణం ఆగి, వెంటనే రేడియో అందుకుంటుంది," అని గాజు కన్ను మీద అరచెయ్యి మూశాడు.

గీత ఆగలేదు.

ఇంకా గట్టిగా మూశాడు. గీత నున్నగా, నూనె రాసినట్టు పోతోంది. చుక్క పసుపుగానే ఉంది.

"ఆగుతుందన్నారు, ఆగనేలేదే," అన్నది పెద్ద డాక్టరమ్మ. మొహం విప్పారింది. ఆఫీసు మనుషులు ఒకరివంక ఒకరు చూసుకుని తల ఊపారు. పెద్దల్లుడు చేతులు కట్టుకుని చిన్నగా నవ్వాడు.

చిన్నల్లుడు చెయ్యి తీసి మళ్లీ మూశాడు, అదే పసుపు. అయినా మొహం మీద నవ్వు తీసెయ్యడానికి వీల్లేదు. "అవునండీ, ఈ మధ్య ఇంకా మెరుగుపరిచాం," అన్నాడు. తన నోట వచ్చిన ఆ మాట తనకే పరాయిగా వినిపించింది.

"సంతోషం. కానీ ఇప్పుడు జనం లేరు కదా," అన్నది డాక్టరమ్మ. "సాయంత్రం చుట్టాలు వస్తారు. అప్పుడు కూడా ఇలాగే నడిస్తే ఇంకేం మాట్లాడనక్కర్లేదు, అన్ని వార్డులూ మీవే. ఉంచి వెళ్లండి. సాయంత్రం మళ్లీ రండి."

వాళ్లు వెళ్లిపోయాక పెద్దల్లుడు కిందికి టీ తాగడానికి దిగాడు. చిన్నల్లుడు గోడ దగ్గరికెళ్లి స్విచ్చి కట్టేశాడు. దీపాలన్నీ ఆరిపోయాయి. వచ్చి ట్యాబు చూశాడు. గీత పరుగెడుతూనే ఉంది. చుక్క పసుపుగా వెలుగుతూనే ఉంది, ఆరిపోయిన దీపాన్ని చూసి కబురు చదువుకుంటున్నట్టు.

పొద్దుటినుంచీ తన దీపాలు ఏమీ మొయ్యలేదు. మోసిందంతా ఆ తలుపు మీది పెట్టె. ఎవరో వెనకనుంచి దారి మళ్లించి, చూసేవాళ్ల కోసం చుక్కకి పసుపు పూశారు.

పెళ్లాం వంక చూశాడు. ఆమె తల వంచుకుని తీగ చుడుతోంది. ఆమెకీ అర్థమయిందనీ, తన మొహం చూడలేక తల దించుకుందనీ అనుకున్నాడు. జాలి కూడా పడ్డాడు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు కంచాలు పెట్టి ఎదురుచూస్తోంది. పెద్దమ్మాయి కూడా తమ ఇంటి నుంచి వచ్చింది, మొగుడు గెలిచొచ్చాడని విని. "ఏం బాబూ, బాగా జరిగిందటగా? ఇక వీధిలో ఆవిడ నోరు మూతపడుతుంది," అంటూ అత్తగారు వడ్డించబోయింది.

"అడగండి అత్తయ్యా, మీ పెద్దల్లుడుగారిని అడగండి," అన్నాడు చిన్నల్లుడు. కూర్చోలేదు. "ఆయనదే కదా జరిగిందంతా."

పెద్దల్లుడు ముద్ద నోటిదాకా తీసుకెళ్లి ఆపాడు. చాన్నాళ్ల తరవాత తోడల్లుడు తన వైపు తిరిగి మాట్లాడుతున్నాడు. "ఏమయింది తమ్ముడూ?"

"ఏమీ తెలియనట్టు అడుగుతున్నారు. నా దీపాలు ఆర్పేసినా మీ చుక్క పసుపుగా ఎలా వెలిగింది?"

"నా చుక్కేమిటి? చుక్కతో నాకేం పని? నేను పెట్టె బిగించాను, దిగాను. అంతే."

"ఎక్కిలి కనపడకూడదన్నదెవరు? దీపాలు దండగన్నదెవరు? ఇన్నాళ్లూ నోటితో అన్నావు, ఇవాళ చేత్తో చేశావు." మీరు కాస్తా నువ్వు అయింది. అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది.

"నోరు జారకు," అన్నాడు పెద్దల్లుడు మెల్లగా. "నీ దీపం నాకు నచ్చదు. నీ మొహమ్మీదే చెప్పాను, ఇంకా చెబుతాను. దొంగతనంగా చేసే అవసరం నాకేం?"

"నీ ఒక్కడి పేరే మిగలాలని."

"మరిది గారూ," అన్నది పెద్దమ్మాయి, "ఆయన మిమ్మల్ని ఎన్నిసార్లు వెనకేసుకొచ్చారో మీకు తెలియదు. మీ అన్నదమ్ములే మిమ్మల్ని పనికిరానివాడంటే..."

"నన్నెవరూ వెనకేసుకురానక్కర్లేదు. నీ పెట్టె నాకక్కర్లేదయ్యా. ఇప్పుడే వెళ్లి పీక్కుపో. సాయంత్రం నా దీపం ఒక్కటే చాలు."

చిన్నమ్మాయి వంటింటి గడపలో నీళ్ల చెంబుతో నిలబడి ఉంది. ఒక అడుగు ముందుకేసి మళ్లీ గడపకి ఆనుకుంది.

పెద్దల్లుడు కంచంలో చెయ్యి కడిగాడు. సగం తిన్న భోజనంలో నీళ్లు పడ్డం చూసి అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ అలా లేవలేదు. ఆయన లేచి, చొక్కా తగిలించుకుని, "పద," అన్నాడు పెళ్లాంతో. పెద్దమ్మాయి చెల్లెలి వంక చూసింది. చెల్లెలు చెంబులోకి చూసుకుంటోంది. ఇద్దరూ గేటు దాటి వెళ్లిపోయారు.

చిన్నల్లుడు మేడ ఎక్కాడు. గదిలో కిటికీలు తెరిచాడు. ఎదురింటావిడ బట్టలారేస్తూ ఇటే చూస్తోంది. మళ్లీ మూశాడు. కాసేపటికి చిన్నమ్మాయి వచ్చి బల్లకి ఆనుకుని నిలబడింది.

"బావ కాదండీ," అన్నది. "నేను."

అతనికి మొదట అర్థం కాలేదు. "ఏం నువ్వు?"

"పొద్దున్న దీపం వంక చూడొద్దని ఆ బుర్రకి చెప్పింది నేను."

అతను స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె ఆపకుండా చెప్పుకుపోయింది, ఎక్కడైనా ఆగితే మళ్లీ చెప్పలేనన్నట్టు. "గాజు కళ్లు అతికించడానికి ఆ మధ్య వార్డుకి వెళ్లాను కదా. అక్కడ నర్సులెవరూ ట్యాబుని మీరు పట్టుకున్నట్టు పట్టుకోరు. మీరు బల్ల మీద వెల్లకిలా పెట్టి చూస్తారు. వాళ్లు గుండెకి హత్తుకుని నడుస్తారు. చంకలో పెట్టుకుంటారు. మంచం మీద బోర్లా పడేస్తారు. వెలుగు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. దానికి దూకడంతోనే సరిపోతోంది. గీత ముక్కలు ముక్కలు. దీపం పోగానే రేడియోకి వెళ్లి, అక్కడే కాసేపు నిలకడగా ఉండి, ఆ తరవాతే రావాలి. దానికి మీ దీపంలోనూ కొంత మార్చాలి, బావ పెట్టెలోనూ కొంత మార్చాలి. మీకు చెప్పాను."

"ఎప్పుడు?"

"చూశారా. మీరేమన్నారో నాకు గుర్తుంది. నర్సులకి పట్టుకోవడం నేర్పిద్దాంలే అన్నారు. ఇంకోసారి చెబితే, నీ రాత నువ్వు సరిచేసుకో అన్నారు. బావకి చెబితే దీపం పీకేస్తే పీడ పోతుందన్నాడు. ఇద్దరికీ నేను సుత్తి అందించడానికి పనికొస్తాను గానీ, చెబితే వినడానికి పనికిరాను. పొద్దున్న డాక్టరమ్మ ముందు అది చీలికలు పేలికలయితే మీరు తట్టుకోలేరనిపించింది."

"మరి చుక్క?"

"చుక్క మీ కోసం."

అతనికి చెంప మీద కొట్టినట్టయింది. ఎవరో పరాయివాళ్లని మోసం చెయ్యడానికి పూసిన పసుపనుకున్నాడు. అది తనని జోకొట్టడానికి పూసింది.

"ఇందాక కింద నేను అన్ని మాటలు అంటుంటే నోరెందుకు విప్పలేదు?"

"విప్పుదామనే అనుకున్నాను. బావే చేశాడని మీరు ఎంత తేలిగ్గా నమ్మేశారో చూస్తూ ఉండిపోయాను." బల్ల మీది తీగ పక్కకి జరిపింది. "నాదీ తప్పే. అక్క నా వంక చూసింది. ఇప్పటికీ మించిపోలేదు. వెళ్లండి. ఒక్క మాట చాలు, బావ వస్తాడు. ఆయనకి కోపం నిలవదు."

చిన్నల్లుడు లేచాడు. మెట్లదాకా వెళ్లాడు కూడా. అక్కడ ఆగాడు. ఏమని చెప్పాలి? నా పెళ్లామే నా దీపాన్ని నమ్మలేదు, మీరు రండి అనా? గాలిబాబు గుమ్మంలో నిలబడి, చేతులు కట్టుకుని చిన్నగా నవ్వే నవ్వు కళ్లముందు కనిపించింది. వెనక్కొచ్చాడు.

"సాయంత్రం జనం వస్తే ఆ పెట్టె ఎలాగూ ఉక్కిరిబిక్కిరయ్యేదే," అన్నాడు. "నిలబడేది నా దీపమే. దారి మళ్లీ దాని మీదికి మార్చెయ్."

"నీడ పడితే దూకడానికి ఏదీ ఉండదండీ."

"ఆసుపత్రి వాళ్ల రేడియో ఉందిగా. మార్చమన్నాను."

ఆమె కూర్చుని మార్చింది. ఎక్కువసేపు పట్టలేదు.

సాయంత్రం వార్డు పొద్దుటి వార్డులా లేదు. మంచానికి నలుగురు చుట్టాలు. కూర్చునే చోటు లేక కొందరు కిటికీ గట్ల మీద ఎక్కారు. ప్రతి చేతిలోనూ ఫోను. ఎవరో పాట వింటున్నారు, ఎవరో రోగి మొహాన్ని ఇంకో ఊళ్లోవాళ్లకి చూపిస్తున్నారు. తలుపు మీద పెట్టె ఉండాల్సిన చోట రెండు మేకు కన్నాలున్నాయి.

చిన్నల్లుడు ట్యాబుని బల్ల మీద వెల్లకిలా పెట్టాడు. పసుపు చుక్క. గీత చక్కగా పోతోంది. పక్క వార్డులో నర్సులు కదలని తెరల్ని వేళ్లతో పొడుస్తున్నారు. ఈ బల్ల మీద మాత్రం, అంత జనంలో, ఒక్క తునక కూడా చెడకుండా గుండె కొట్టుకుంటోంది. ఈసారి నిజంగా అతని దీపమే మోస్తోంది. "చూశావా," అన్నాడు పెళ్లాంతో, మెల్లగా. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె తల ఊపింది. అది నిజమే కాబట్టి ఊపింది.

అప్పుడు మూల మంచం మీది ముసలాయన దగ్గుతూ లేవబోయాడు. నర్సు ట్యాబు అందుకుని గుండెకి హత్తుకుని అటు పరుగెత్తింది. గీత ఆగిపోయింది. చుక్క నీలం అయింది. ఆసుపత్రి రేడియో కోసం అది వెతుక్కుంటూ ఉండిపోయింది. అక్కడ అన్ని ఫోన్ల మధ్యా దానికి చోటు దొరకలేదు. నర్సు ఒక చేత్తో ముసలాయన వీపు పట్టుకుని, రెండో చేత్తో తెర తనవైపు తిప్పుకుంది. చుట్టాలు వంగి చూస్తూ ఆమె మీద నీడయ్యారు. చుక్క పసుపయింది, నీలమయింది, మళ్లీ పసుపయింది. గీత నాలుగడుగులు వేసి పడిపోతోంది. నర్సు విసుక్కుని ట్యాబుని మంచం మీద బోర్లా పడేసి, వేళ్లతో ఆయన నాడి చూసుకుంది.

పెద్ద డాక్టరమ్మ ఎప్పుడొచ్చిందో వచ్చింది. ఆఫీసు మనుషులు వెనకాలే ఉన్నారు.

"ఏమయిందండీ? పొద్దున్న అంత బాగా నడిచింది కదా," అన్నదామె. కోపంగా కాదు, మర్యాదగానే. "అడ్డం పెట్టినా ఆగలేదు. ఏం మార్చారు? కంగారు పడకండి. పొద్దున్న ఎలా పెట్టారో అలాగే పెట్టెయ్యండి, చూద్దాం."

చిన్నల్లుడు మొహాన నవ్వు తెచ్చుకుని పెళ్లాం వైపు తిరిగాడు. "విన్నావుగా. పొద్దున్న పెట్టినట్టే పెట్టెయ్."

చిన్నమ్మాయి లేచి నిలబడింది. మొగుడి వంక చూడలేదు. డాక్టరమ్మ వంకే చూసింది.

"పొద్దున్న నడిచింది మా బావ రేడియో పెట్టె మీదండీ. ఈ దీపాలు వెలిగాయంతే. ఆ పెట్టెని ఈయన మధ్యాహ్నం పీక్కుపొమ్మన్నారు."